కోరాపుట్ అమరవీరుడు లక్ష్మణ్ నాయక్ – కౌన్సెలింగ్ నేర్చుకొనేవారికి ఒక మాదిరి



కోరాపుట్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాలకు షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారు. 2017లో ప్రారంభమైన ఆ ఆసుపత్రికి మన కుటుంబములలో చాలామంది ఏదో ఒక అవసరము మీద వెళ్ళియుంటారు. ఆ పేరు గల మనిషి ఎవరు, ఏ ఊరివారు, ఏమి చేశారు అని అడిగితే మాత్రము, ఉరికంబమెక్కిన ఒక గిరిజన వీరుడు అన్నంత వరకే మనలో అనేకులకు తెలుసు.

ఆయన ఉరికంబమెక్కుటకు ముందు తన ప్రాంతములో ఊరూరా తిరిగి రెండు పనులు చేశారు. చదువు రాని పెద్దవారికి అక్షరములు నేర్చుకొనవలసిన అవసరము చెప్పుట ఒకటి. త్రాగుడు మానుకొనుమని నచ్చజెప్పుట రెండవది. ఈ రెండవ పని నిమిత్తమే ఆయన జీవితమును ఈ సంచికలో మీ ముందు ఉంచుచున్నాము.

ఎందుకనగా ఈ విషయము మన ఇండ్లలోనిది. రైల్వే ఉద్యోగముల కొరకు, జేకేపూర్ కాగితపు మిల్లు కొరకు, సునాబేడ విమాన ఇంజనుల కర్మాగారము కొరకు, దామంజోడి నాల్కో కొరకు, వ్యాపారముల కొరకు మన తెలుగువారు ఈ కొండ ప్రాంతమునకు వచ్చి స్థిరపడ్డారు. సంఘములు కట్టుకొన్నారు. మత్తు పానీయములు విసర్జించవలెనని మన సంఘములలో అనేకము మొదటి నుండి నియమము పెట్టుకొన్నవే. నియమము మంచిదే. కాని దాని వెనుక ఒక చిక్కు కూడ ఉన్నది. త్రాగుడుకు లోబడినవాడు ఆ సంగతిని సంఘము నుండి దాచుతాడు. భార్య దాచుతుంది, తల్లిదండ్రులు దాచుతారు. కాలేయము పాడై ఆసుపత్రిలో చేర్చిన నాటికి గాని మిగిలినవారికి తెలియదు. అప్పటికి చేయగలిగినది కొంచెమే. అటువంటివారి దగ్గర కూర్చుండి, వారిని సిగ్గుపరచక, మార్గము చూపగల మనుష్యులు ప్రతి సంఘములోను ఒకరిద్దరైనా తర్ఫీదు పొందియుండవలెనని మా అభిప్రాయము. అటువంటి పనికి ఎటువంటి మనిషి తగినవాడు అనే ప్రశ్నకు లక్ష్మణ్ నాయక్ జీవితము మంచి జవాబు ఇస్తుంది.

ఆనాటి కోరాపుట్

ఆయన పుట్టిన నాటికి కోరాపుట్ అనే జిల్లా లేదు. ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగముగా ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ కొండ తాలూకాలన్నీ కలిపి కోరాపుట్ జిల్లా చేశారు. నేటి రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు 1992 అక్టోబరు 2 వరకు ఆ పెద్ద జిల్లాలోనివే. కాబట్టి ఆయన కథ కోరాపుట్‌వారిది ఎంతో రాయగడవారిది కూడ అంతే. ఒకప్పుడు విశాఖ జిల్లాతో కలిసియున్న సీమ గనుక మన తెలుగువారికి కూడ అది పరాయి కథ కాదు.

ఈ సీమలో ఎక్కువ భాగము జయపురము సంస్థానము క్రింద ఉండేది. జయపురము మహారాజా విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉదారముగా విరాళములిచ్చిన దాతగా తెలుగువారికి చిరపరిచితులు. ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాల నేటికిని జయపురము విక్రమదేవుని పేరు మీదనే ఉన్నది. అయితే సంస్థానపు కొండ గ్రామములలో పరిస్థితి వేరు. అక్కడ గిరిజనుని కంటికి కనబడే ప్రభుత్వము ముగ్గురే. శిస్తు వసూలు చేయువాడు, అటవీ గార్డు, పోలీసు జవాను. పోడు కొట్టుకొంటే అటవీవారు పట్టుకొనేవారు. అధికారి వస్తే సామాను మోయుటకు, రోడ్డు వేయుటకు కూలి లేని వెట్టి చేయవలసి వచ్చేది. కోడి, మేక, ధాన్యము అడిగినవారికి అడిగినంత ఇచ్చుకోవలసి వచ్చేది.

పుట్టుక, పెంపకము

లక్ష్మణ్ నాయక్ 1899 నవంబరు 22న తెంతులిగుమ్మ అనే గ్రామములో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు కోరాపుట్ జిల్లా బొయిపారిగుడ బ్లాకులో ఉన్నది. కొలాబు నది పారే సీమ అది. ఆ నదినే దిగువన మన తెలుగువారు శబరి అని పిలుస్తారు. కూనవరము దగ్గర గోదావరిలో కలిసే శబరి అదే.

ఆయన భూమియా తెగకు చెందినవారు. తండ్రి పదలం నాయక్ జయపురము సంస్థానము క్రింద ఆ ప్రాంతపు పెద్ద. నాయక్ అనేది ఆ పెద్దరికమును తెలిపే మాట. పెద్ద కుమారుడైనవాడు చిన్నతనము నుండే రెండు వైపులు చూస్తాడు. ఒక వైపు సంస్థానపు ఉద్యోగులు చెప్పినది ఊరివారి చేత చేయించవలెను. ఇంకొక వైపు ఊరివారి కష్టము తన ఇంటి అరుగు మీదకే వస్తుంది. చాలామంది పెద్దలు మొదటి వైపునకు ఒరిగి సుఖముగా బ్రతికారు. లక్ష్మణ్ నాయక్ రెండవ వైపు నిలిచారు. శిస్తువారు, అటవీవారు, జవానులు చేసే దోపిడీకి ఎదురు చెప్పి ప్రజలను కూడగట్టారు. అందుచేత ఆయన మాటకు చుట్టుప్రక్కల గ్రామములలో విలువ ఏర్పడింది.

త్రాగుడు, అప్పు, గోతి

ఆయన త్రాగుడును గురించి మాటలాడిన చోటు ఎటువంటిదో కొంచెము వివరముగా తెలుసుకొందాము. ఇది తెలియకపోతే ఆ పని ఎంత కష్టమైనదో అర్థము కాదు.

కొండ ప్రాంతములో మత్తు పానీయము బయటి నుండి వచ్చిన వస్తువు కాదు. ఇప్పపువ్వుతో సారా కాచుకొంటారు. జీలుగు చెట్టు గీసి కల్లు తీస్తారు. రాగులు, బియ్యము పులియబెట్టి లందా వంటివి చేసుకొంటారు. పుట్టుకకు, పెండ్లికి, చావుకు, చైత్ర పర్వమునకు ఆ పానీయము కావలసినదే. దేవతకు పోసేది అదే, వియ్యంకునికి ఇచ్చేది అదే, తగవు తీరిన తరువాత ఇరుపక్షములు కలిసి త్రాగేది అదే. అటువంటి చోట ఒక మనిషి నేను త్రాగను అంటే, అది నీతోడి పొత్తు నాకు వద్దు అన్నట్లు వినబడుతుంది.

దీని మీదకు ఇంకొకటి వచ్చి చేరింది. ఆంగ్లేయుల కాలములో ఆబ్కారీ చట్టములు వచ్చి, సారా అమ్ముకొనే హక్కు కంట్రాక్టుకు ఇచ్చేవారు. ప్రభుత్వమునకు అది పెద్ద ఆదాయము. చేతిలో డబ్బు లేని గిరిజనునికి సారా అప్పు మీద దొరికేది. ఆ అప్పుకు వడ్డీ, వడ్డీకి మళ్ళీ వడ్డీ. తీర్చలేనివాడు ఋణదాత ఇంట పాలేరుగా చేరి, అప్పు తీరువరకు పని చేయవలసినదే. ఈ కట్టుబానిసత్వమును ఒరియాలో గోతి అనేవారు. తెలుగువారి చెవికి ఆ మాట గొయ్యిని గుర్తు చేస్తుంది. నిజముగా అది గొయ్యియే. తండ్రి దిగితే కొడుకు కూడ దానిలోనే ఉండిపోయేవాడు. కోరాపుట్‌లో ఉద్యోగము చేసిన ప్రసిద్ధ ఒరియా రచయిత గోపీనాథ మహంతి 1945లో వెలువడిన పరజా నవలలో ఒక గిరిజన కుటుంబము ఈ గోతిలో ఎట్లు కూరుకొనిపోయినదో చిత్రించారు.

కాబట్టి త్రాగేవానిది బలహీనత అని ఒక్క మాటతో తేల్చుటకు వీలు లేదు. ఆచారము ఒక ప్రక్క లాగేది. అప్పు ఇచ్చేవాడు రెండవ ప్రక్క లాగేవాడు. రోజంతా వెట్టి చేసిన ఒంటి నొప్పి మూడవ ప్రక్క లాగేది. ఈ మూడింటిని ఎరిగినవాడు చెప్పే మాట వేరు, ఎరుగనివాడు చేసే బోధ వేరు.

శిక్షణ, ఇల్లు, గ్రామము

1930ల తరువాతి భాగములో కాంగ్రెసు పని కోరాపుట్ కొండలలోనికి విస్తరించింది. లక్ష్మణ్ నాయక్‌కు ప్రజలలో ఉన్న పలుకుబడి చూచి కాంగ్రెసువారు ఆయనను తమతో చేర్చుకొన్నారు. ఆయన కార్యకర్తల శిక్షణ శిబిరమునకు వెళ్ళారు. అక్కడ ఇతర ప్రాంతముల నాయకులతో పరిచయము కలిగింది. సత్యము, అహింస, శాంతియుత సహాయ నిరాకరణము అనే సూత్రములు నేర్చుకొన్నారు. అంతవరకు తన తాలూకా కష్టములే తెలిసిన మనిషికి దేశమంతటి సంగతి అర్థమయింది.

శిక్షణ అనే మాటను మేము కావలెననే ఎత్తి చూపుచున్నాము. లక్ష్మణ్ నాయక్‌కు ధైర్యము ముందే ఉన్నది. ప్రజల నమ్మకము ముందే ఉన్నది. అయినను ఆయన నేర్చుకొనుటకు కూర్చున్నారు. పెద్ద ఇంటి కుమారుడను, నాకు ఒకరు నేర్పేదేమిటి అనుకోలేదు.

శిక్షణ నుండి తిరిగి వచ్చిన తరువాత ఆయన, ఆయన కుటుంబము చరఖా పట్టి నూలు వడికారు. ఇంట గెలిచి రచ్చ గెలవవలెనని మన సామెత. తన గడపలో కనబడని మార్పును పొరుగు గడపలో అడిగే అర్హత లేదని ఆయన గ్రహించారు. తరువాత ఇంటింటికి వెళ్ళారు. వయోజన విద్య, మద్యపాన విసర్జన అనే రెండు సంగతులను పల్లెలలోనికి తీసుకొనిపోయారు. రోడ్లు, వంతెనలు, బడులు గల దేశమును గురించి చెప్పారు.

అక్షరమును, త్రాగుడు మానుటను ఆయన కలిపి చెప్పుటలో ఒక తెలివి ఉన్నది. అప్పు పత్రము మీద వేలిముద్ర వేసేవానికి దానిలో ఏమి వ్రాసియున్నదో తెలియదు. అక్షరము వచ్చినవాడు లెక్క అడుగుతాడు. లెక్క అడిగినవానికి తన కూలిలో ఎంత భాగము సారా దుకాణమునకు పోవుచున్నదో తెలుస్తుంది. అంతేకాక, సాయంకాలము పది మంది కూర్చుండుటకు ఒక చోటు కావలెను. సారా అంగడి కాకపోతే ఇంకొకటి ఉండవలెను. రాత్రి బడి అటువంటి చోటు. ఒక అలవాటును తీసివేస్తే అది ఉన్న స్థలము ఖాళీగా ఉండదు. దానిలో మేలైనది ఒకటి పెట్టవలెను. నేటి వ్యసన విముక్తి నిపుణులు నేర్పే పాఠములలో ఇది ముఖ్యమైనది.

ఇటువంటి పని ఆయన కంటె ముందు పొరుగునే ఉన్న గూడెం కొండలలో కూడ జరిగింది. అల్లూరి సీతారామరాజు 1922లో ఆయుధము పట్టుటకు ముందు ఆ గిరిజనుల మధ్య నివసించి, త్రాగుడు మానుమని, తగవులు కోర్టులకు పోకుండ పంచాయతీలలో తీర్చుకొనుమని చెప్పారు. ఆయన 1924 మే 7న మరణించారు. కొండవారి కష్టములను నిజముగా ఎత్తుకొన్న ఇద్దరూ త్రాగుడును గురించి మాటలాడక తప్పలేదు. అది గమనింపదగినది.

మథిలి, బరంపురం

1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము ఆరంభమయింది. పెద్ద నాయకులను ముందే అరెస్టు చేశారు. 1942 ఆగస్టు 21న లక్ష్మణ్ నాయక్ గిరిజనుల ఊరేగింపును నడిపించుకొని మథిలి పోలీసు స్టేషను ముందుకు వెళ్ళారు. మథిలి ఇప్పుడు మల్కన్‌గిరి జిల్లాలో ఉన్నది. వచ్చినవారు శాంతముగానే నిలిచారు. పోలీసులు వారి మీద కాల్పులు జరిపారు. కొందరు ప్రాణములు విడిచారు, పలువురు గాయపడ్డారు. మూడు దినముల తరువాత, ఆగస్టు 24న, నేటి నవరంగపూర్ జిల్లాలోని పపడాహండి దగ్గర కూడ కాల్పులు జరిగి అనేకులు మరణించారు.

మథిలి సంఘటనలో జి. రామయ్య అనే అటవీ గార్డు చనిపోయారు. ఆ హత్య నేరమును లక్ష్మణ్ నాయక్ మీద మోపారు. ఆయన పలుకుబడిని అణచివేయుటకే ఈ కేసులో ఇరికించారని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పారు. 1942 నవంబరులో కోర్టు ఉరిశిక్ష విధించింది. 1943 మార్చి 29న బరంపురం జైలులో ఆయనను ఉరి తీశారు. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరములు. స్వరాజ్యము రావడానికి ఇంకా నాలుగు సంవత్సరములు ఉన్నది. 1989లో భారత తపాలా శాఖ ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆయన మరణము అందరికి తెలిసినది. మేము ముఖ్యముగా చెప్పదలచినది మరణమునకు ముందు ఉన్న సంవత్సరములను గురించి. ఒక మనిషి పిలిస్తే అన్ని గ్రామములవారు తుపాకుల ముందుకు, కర్ర ఎత్తకుండ, నడిచి వెళ్ళారంటే ఆ నమ్మకము ఒక దినములో వచ్చినది కాదు. ఇంటింటి గడప దగ్గర కూర్చుండి మాటలాడిన దినములలో అది పెరిగింది.

నేటి శిక్షణకు ఆయన నేర్పేది

ఇప్పుడు మన కాలమునకు వద్దాము. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వము కొరకు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారము 10 నుండి 75 సంవత్సరముల వయస్సు గలవారిలో సుమారు 16 కోట్ల మంది మద్యము త్రాగుచున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షల మందికి సహాయము అవసరము. మద్యమునకు పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదైనా చికిత్స అందినట్లు తేలింది. మిగిలిన 37 మంది ఎక్కడ ఉన్నారు? మన వీధులలో, మన క్వార్టర్సులో, మన ఆలయముల వెనుక బల్లల మీద ఉన్నారు. ఇంతమందికి సరిపడే మానసిక వైద్యులు మన దేశములో లేరు.

అందుచేతనే వైద్యులు కాని సామాన్యులకు తర్ఫీదు ఇచ్చే పద్ధతి వచ్చింది. గోవాలో సంగత్ అనే సంస్థవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఒక పరీక్ష చేశారు. హానికరముగా త్రాగే పురుషులను ఎన్నుకొని, స్థానికులైన సామాన్య కౌన్సెలర్ల చేత నాలుగు విడతల వరకు మాటలాడించారు. ఆ కౌన్సెలర్లు డాక్టర్లు కారు, తర్ఫీదు పొందిన ఊరి మనుష్యులు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితముల ప్రకారము, మూడు నెలల తరువాత కౌన్సెలింగ్ పొందినవారిలో నూటికి 36 మంది, మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో 26 మంది హానికరమైన త్రాగుడు నుండి బయటపడ్డారు. నూటికి పది మంది ఎక్కువ. అది పది కుటుంబములు. ఊరి భాష మాటలాడే, ఊరి కష్టము తెలిసిన, తర్ఫీదు పొందిన మనిషి లక్ష్మణ్ నాయక్ వంటివాడు. ఆనాటి కొండలలో ఆయన నిలిచిన చోటే నేటి శాస్త్రము ఇటువంటివారిని నిలుపుచున్నది.

ఆయన జీవితమును ప్రక్కన పెట్టుకొని, కౌన్సెలింగ్ నేర్చుకొనగోరేవారికి మేము నాలుగు సంగతులు చెప్పగోరుచున్నాము.

మొదటిది, తమవారిలో ఒకడై ఉండుట. పై నుండి గద్దించే మనిషి దగ్గర త్రాగుబోతు అబద్ధమే చెపుతాడు. ప్రక్కన కూర్చున్నవాని దగ్గర ఎంత త్రాగుచున్నాడో, ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎంత అప్పు ఉన్నదో నిజము చెపుతాడు. 1935లో అమెరికాలోని అక్రాన్ పట్టణములో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసము మొదలైనది కూడ ఇట్లే. ఒక త్రాగుబోతు ఇంకొక త్రాగుబోతుతో మనస్సు విప్పి మాటలాడుట వలన ఇద్దరూ నిలబడ్డారు. శిక్షణలో మొదట నేర్పేది బోధించుట కాదు, వినుట. మానవలెనని మనము అనిపించుట కంటె, మానుటకు అతనికి ఉన్న కారణములను అతని నోటనే పలికించుట మేలు.

రెండవది, వ్యసనము వెనుక ఉన్న భారమును చూచుట. ఆనాడు అది వెట్టి, గోతి. ఈనాడు అది రాత్రి షిఫ్టు కావచ్చును, చీటీల అప్పు కావచ్చును, సొంత ఊరికి దూరమైన ఒంటరితనము కావచ్చును. కుటుంబమును ఊరిలో విడిచి వచ్చి ఒక్కడే గదిలో ఉండే యువకునికి సాయంకాలము ఏమి తోచదు. అతనికి సీసా తీసివేయుటతో పాటు ఒక సహవాసము, ఒక పని, భోజనమునకు పిలిచే ఒక ఇల్లు చూపవలెను.

మూడవది, తన హద్దు తెలిసియుండుట. ఇది ప్రాణమునకు సంబంధించిన మాట. సంవత్సరముల తరబడి ప్రతి దినము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానితే చేతులు వణకుట, చెమటలు, నిద్రలేమి వస్తాయి. కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండు మూడు దినములలో మతి తప్పి, లేనివి ఉన్నట్లు కనబడి, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. అట్టివానిని గదిలో పెట్టి గడియ వేయుట, కేవలము ఒట్టు వేయించి ఇంటికి పంపుట ప్రమాదము. మొదటి దినములు వైద్యుని పర్యవేక్షణలో గడవవలెను. మన ఇండ్లలో కొందరు త్రాగుడు మాన్పించే పొడి అని కూరలో, కాఫీలో తెలియకుండ కలుపుతారు. అటువంటి మందు పడిన ఒంటిలో మద్యము చేరితే రక్తపోటు పడిపోయి చనిపోయే ప్రమాదమున్నది. డాక్టరు చెప్పక, త్రాగేవానికి తెలియక ఏ మందు ఇవ్వరాదు. ఎప్పుడు తాను మాటలాడవలెనో, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకొనిపోవలెనో తెలిసినవాడే మంచి కౌన్సెలర్.

నాల్గవది, విసుగక వెళ్ళుట. మానినవాడు మరల పడుట సాధారణము. అది ఈ రోగము స్వభావములోనే ఉన్నది. పడినవానిని చూచి వీడు మారడు అని ముద్ర వేస్తే, అతడు రెండవసారి మన దగ్గరకు రాడు. ఏ సమయములో, ఎవరితో ఉన్నప్పుడు, ఏ బాధలో మరల త్రాగినాడో అతనితో కలిసి పరిశీలించి, తరువాతి దినమునకు ఉపాయము ఆలోచించవలెను. అతని భార్యకు, పిల్లలకు కూడ వేరుగా మాటలాడే అవకాశము ఇవ్వవలెను. వారు మోసిన భారము తక్కువది కాదు. కొట్టబడే భార్యకు ముందు కావలసినది ఓర్పు పాఠము కాదు, భద్రమైన చోటు.

ఇంకొక మాట. ఈ కాలపు వ్యసనము సీసాలోనే లేదు. చేతిలోని సెల్ ఫోనులో పందెములు, పేకాట ఆటలు వచ్చాయి. జీతము పడిన రాత్రే పోగొట్టుకొని, యాపుల ద్వారా అప్పులు చేసి, ప్రాణము తీసుకొన్న యువకుల వార్తలు మనము చదివాము. 2022 నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో జూదపు వ్యసనముతో పాటు ఎలక్ట్రానిక్ ఆటల వ్యసనము కూడ చేరింది. వాసన రాదు, తూలడు గనుక ఈ వ్యసనము ఇంకా ఎక్కువ కాలము దాగియుంటుంది. ఇక్కడ కూడ అప్పు అనే గోతి ఉన్నదని గమనించండి. ఋణదాత ముఖము మారింది, అంతే.

చట్టము, అక్షరము

త్రాగుడును చట్టముతోనే ఆపవచ్చును గదా అని కొందరు అడుగుతారు. మన తెలుగువారికి ఇందులో అనుభవమున్నది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమము మొదలైనది. దూబగుంట గ్రామపు స్త్రీలు రాత్రి బడిలో చదువుకొన్న పాఠముల నుండి, తమలో తాము మాటలాడుకొన్న మాటల నుండి ధైర్యము తెచ్చుకొని 1992లో తమ ఊరి సారా దుకాణమును మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధమును సడలించారు. చట్టము వచ్చింది, పోయింది. కాని అక్షరమును, త్రాగుడు మానుటను కలిపితే ఏమి జరుగునో దూబగుంట స్త్రీలు చూపించారు. అర్ధ శతాబ్దము ముందు తెంతులిగుమ్మ మనిషి తన కొండలలో కలిపి చెప్పినవి కూడ ఆ రెండే.

ప్రియమైనవారలారా, మీ సంఘములలో ఈ పనికి తగినవారు ఎవరో ఆలోచించండి. బాగుగా ప్రసంగించేవాడే కానక్కరలేదు. వినగలవాడు, విన్నది బయట చెప్పనివాడు, తన ఇంటిలో మంచి పేరు గలవాడు, నేర్చుకొనుటకు సిగ్గుపడనివాడు కావలెను. స్త్రీలతో మాటలాడుటకు స్త్రీలు కావలెను. మరల త్రాగుటకు పోని, కొన్ని సంవత్సరములుగా నిలిచిన మాజీ త్రాగుబోతు మీ మధ్య ఉంటే అతనిని మరువవద్దు. అతనికి తెలిసినది పుస్తకములలో దొరకదు. అటువంటివారిని ఒకరిద్దరిని తర్ఫీదుకు పంపండి. ఇంతలో సహాయము కావలసినవారు వ్యసన విముక్తి కొరకు కేంద్ర ప్రభుత్వము నడిపే ఉచిత ఫోను నంబరు 14446కు, మనోవేదనలో ఉన్నవారు టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చును.

ఇక మీదట కోరాపుట్ ఆసుపత్రి గేటు మీద ఆ పేరు చూచినప్పుడు, తెంతులిగుమ్మ నుండి ఇంటింటికి నడిచి వెళ్ళిన ఆ మనిషిని తలంచుకొనుడి. మన ప్రక్క క్వార్టర్సులో తలుపు మూసుకొని త్రాగుచున్నవాని గడప వరకు ఎవరో ఒకరు నడిచి వెళ్ళవలెను. ఆ వెళ్ళేవాడు సిద్ధపడి వెళ్ళవలెనన్నదే మా విన్నపము.